నూరు కిలోల భారం

చర్చి భాషలో ‘భారం’ అంటే బరువు కాదు. ‘ఆ బ్రదర్‌కు ఒరిస్సా మీద భారముంది’ అంటే అక్కడి మనుషుల కోసం ఆయన మనసు నిలవకుండా ఉందని. 2006లో, నేను ఎనిమిదో తరగతి చదువుతుండగా, మా నాయనకు ఒరిస్సా మీద భారం కలిగింది. అనంతపురంలో మూడు రోజుల సభలకు పోయొచ్చి, ఇంటికి రాకుండా గోరంట్ల బస్టాండు దగ్గర తన మోటారు వైండింగు అంగడి తీసి, ఒప్పుకున్న పని ముగించి, మధ్యాహ్నం అన్నానికొచ్చి చెప్పినాడు.

“మే, నాకు పిలుపొచ్చింది.”

అమ్మ సంగటి కెలుకుతా ఉంది. “ఎవురిది? ఎన్ని హెచ్‌పీ?” అనడిగింది.

మా ఇంట్లో పిలుపంటే అదే. చిత్రావతిలో నీళ్ళు చూసి ఎన్నేళ్ళయిందో అప్పటికి. చుట్టుపక్కల పల్లెల్లో చెనిక్కాయ పోయి బోర్లే దిక్కయినాయి. బోర్లలో నీళ్ళు తగ్గేకొద్దీ మోటార్లు కాలేవి, కాలేకొద్దీ నాయనకు కబుర్లొచ్చేవి. కరువు మీద బతికిన కుటుంబం మాది అని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, అప్పుడు అదొక చేతిపని, అంతే. అమ్మది పట్టుపురుగుల పని. ఒకరి షెడ్డులో పాలికి మేపేది. పురుగు నాలుగుసార్లు పొర విడుస్తుంది. ఆ రోజుల్లో ఆకు ముట్టదు, తలెత్తి కదలకుండా ఉండిపోతుంది. మా వైపు దాన్ని ‘జ్వరం’ అంటారు. నాలుగు జ్వరాలు దాటితే చంద్రికల మీదికి ఎక్కించడమే.

నాయన నవ్వలేదు. కంచం ముందు కూర్చుని, రాయగడ అనే ఊరుందని, దాని చుట్టూ కొండపల్లెలున్నాయని, అక్కడ చదువు చెప్పడానికి, చేతిపని తెలిసినవాళ్ళు కుటుంబాలతో వచ్చి ఉండి సువార్త చెప్పడానికి మనుషులు కావాలన్నారని చెప్పినాడు. అమ్మ అంతా విని “తిను, చల్లారిపోతాది” అంది.

ఈ సంగతి బెంగుళూరులో స్నేహితులకు చెప్పినప్పుడల్లా రెండు రకాల మొహాలు చూస్తాను. కొందరు ‘అయితే మీవాళ్ళు మతం మార్చేవాళ్ళా, ఎంతిస్తారు?’ అన్నట్టు చూస్తారు. చర్చిలో పరిచయమైనవాళ్ళయితే ‘ఎంత త్యాగమండీ’ అని కళ్ళు తుడుచుకుంటారు. నాకు తెలిసింది ఈ రెండిట్లోనూ ఇమడదు. నాకు తెలిసింది ఒక ఇల్లు పదినెలలు ఎట్లా విడిపోయిందో, సామాను సామానుగా, అది మాత్రమే.

అప్లికేషను వచ్చింది. పద్నాలుగు పేజీలు. అప్పులున్నాయా, మందు తాగుతారా, భార్యను ఎప్పుడైనా కొట్టినారా అనే ప్రశ్నలు కూడా ఉన్నాయందులో. నాయన రాత్రిళ్ళు లైటు కింద కూర్చుని ఒక్కోదానికి జవాబు రాస్తా ఉంటే, మేము పక్కనే పడుకుని వినేవాళ్ళం. తర్వాత ఇంటర్వ్యూకు ఇద్దర్నీ రమ్మన్నారు. విడివిడిగా కూర్చోబెట్టి అడిగినారు. పెండ్లాం మనసులో లేకపోతే ఆ కుటుంబం ఏడాది తిరక్కుండా వెనక్కి వచ్చేస్తుందని వాళ్ళకు అనుభవమంట. ఆ గదిలో అమ్మ ఏం చెప్పిందో చాలా ఏళ్ళదాకా మాకెవరికీ తెలియదు.

రాత్రి కుటుంబ ప్రార్థనలో నాయన మిషనరీల కథలు చెప్పడం మొదలుపెట్టినాడు. అన్నిటికన్నా ఇష్టం విలియం కేరీ కథ. చెప్పులు కుట్టే మనిషి 1793లో ఇంగ్లండు నుంచి బెంగాలుకు వచ్చినాడు. శ్రీరాంపూరులో ప్రెస్సు పెట్టినారు. అక్కణ్ణించే 1809లో ఒడియా కొత్త నిబంధన, 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయినాయి. మా తాత తోలుపని చేసినవాడు. ‘చెప్పులు కుట్టే మనిషి’ అనే మాట దగ్గర నాయన గొంతు ఎందుకు మారేదో నాకు అప్పుడే తెలుసు.

ఆ కథలో కేరీ భార్య లేదు. కాలేజీకొచ్చినాక ఎక్కడో చదివినాను. ఆమె పేరు డొరొతీ. పెండ్లి రిజిస్టరులో సంతకం రాక గుర్తు పెట్టిన మనిషి. మొదట రానంది. నిండు గర్భిణి, ఎట్లా వస్తుంది? ప్రయాణం ఆలస్యమై, ఆమెకు బిడ్డ పుట్టినాక మళ్ళీ వచ్చి బతిమాలితే, చెల్లెలు తోడొస్తే వస్తానని కదిలింది. బెంగాలు చేరిన మరుసటేడు ఐదేళ్ళ కొడుకు పీటర్ పోయినాడు. ఆ తర్వాత ఆమె మతి నిలవలేదు. 1807లో శ్రీరాంపూరులోనే చనిపోయింది. మనవాళ్ళలోనూ ఉన్నారు ఇట్లా పోయినవాళ్ళు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు తెలుగు బాప్టిస్టుల మిషనరీగా దక్షిణాఫ్రికాలోని నటాలుకు, అక్కడి తోటల్లో కూలికి పోయిన తెలుగువాళ్ళ దగ్గరికి కుటుంబంతో పోయినారు. ఇట్లాంటివి చదివినప్పుడు నాకు ముందు తట్టేది, ఆ ఇంటి ఆడమనిషి ఓడెక్కేటప్పుడు ఏం మూటకట్టుకుంది, ఏం వదిలేసింది అని.

అమ్మ ఒరిస్సా గురించి గొడవ పడలేదు. గొడవ పడింది ఒక్కటే, నా సర్టిఫికెట్ గురించి.

మా చర్చిలో చాలామందికి రెండు పేర్లు. ఆదివారం ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి. యాలంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ అనిపించుకోవాలంటే హిందువై ఉండాలి. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపినారు గానీ క్రైస్తవులను కలపలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళకు మన రాష్ట్రంలో బీసీ-సీ. ఎస్సీలకు 15 శాతం ఉంటే, ఇక్కడ 1 శాతం. వీధి అదే, బావి అదే, టీ అంగట్లో చూసే చూపు అదే. కాగితం మాత్రం వేరే. నా బడి రిజిస్టరులోనూ రెండో పేరే ఉండింది.

నాయన పట్టుబట్టినాడు. “ఒక పేరుతో సేవకు పోయి, ఇంకో పేరుతో స్కాలర్‌షిప్ తీసుకునేది నాతో కాదు.”

“నీ నిజానికి దండుగ పాప కట్టాల్నా?” అంది అమ్మ.

నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. అమ్మ వండి పెట్టేది, నాయన తినేవాడు, మధ్యలో నేనూ తమ్ముడూ కంచాలందించేవాళ్ళం. ఐదో రోజు నాయన ఎమ్మార్వో ఆఫీసుకు పోయినాడు. అమ్మ తాను పోలేదు గానీ రేషన్ కార్డు వెతికి తెచ్చి చేతికిచ్చింది. 2011 కౌన్సెలింగులో నాకు కావలసిన కాలేజీలో సీటు నా ముందే వేరేవాళ్ళకు పోయింది. పాత సర్టిఫికెట్టయితే వచ్చేది. నాయన చేసింది తప్పని ఇప్పుడు అనను. కానీ ఆ కోపం పూర్తిగా పోయిందని కూడా చెప్పలేను. నిజం చెప్పినందుకు ఒక మనిషికి ప్రభుత్వం జరిమానా వేస్తే, ఆ రసీదు కూతురి పేరు మీద రావడమేంది?

2007 జనవరి నుంచి ఐదు నెలలు శిక్షణ. వేరే రాష్ట్రంలో. తమ్ముణ్ణి తీసుకుని ఇద్దరూ పోయినారు, బడి ఉందని నన్ను అవ్వ దగ్గర ఉంచినారు. అక్కడ బైబిలు పాఠాలతో పాటు ఒరిస్సాలో 1967 నుంచి ఉన్న చట్టం గురించి కూడా చెప్పినారంట. బలవంతంతో, మోసంతో, ఆశ చూపి మతం మార్చితే శిక్ష. అందుకని పిల్లలకు బిస్కెట్టు ఇచ్చేటప్పుడు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించమన్నారంట. “చుట్టానికి ఏం పెట్టకుండా ఎట్ల పంపేది?” అని అమ్మ అక్కడే అడిగిందంట. దానికి వాళ్ళు ఏం చెప్పినారో నాయనకు గుర్తులేదు.

శిక్షణలో అమ్మకు మిగిలింది ఒక నోటుబుక్కు. ఇప్పుడది నా దగ్గరుంది. రెండొందల పేజీలది. ముందు సగం పట్టుపురుగుల లెక్క. ఆకు ఎన్ని మోపులు, మూడో జ్వరం ఏ రోజు, గూళ్ళు హిందూపురం మార్కెట్టులో కిలో ఎంత పలికినాయి. వెనక సగం ఒడియా. అమ్మ ఏడు దాకానే చదివింది. ఒడియా అక్షరాల జోలికి పోకుండా, అక్కడ కలిసిన రాయగడ వైపు ఆమెనడిగి అన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకుంది. పాణి: నీళ్ళు. భాత: అన్నం. లుణ: ఉప్పు. జర: జ్వరం. ఈ మాట పక్కన బ్రాకెట్లో ‘మనుషులది’ అని రాసుకుంది. పిలా: పిల్లోడు. ఆస: రా. బస: కూర్చో. కాలి: నిన్న. దాని కిందే, కాలి: రేపు.

“నిన్నకూ రేపటికీ ఒకటే మాటంట, పాపా. ఎట్ల బతుకుతారో” అని అప్పట్లో నవ్వింది నాతో.

నాయనకూ ఒక నోటుబుక్కుండేది. దాంట్లో దేవుడు, పాపం, రక్షణ, క్షమాపణ, నిత్యజీవం. అమ్మ జాబితాలో దేవుడు లేడు. నొప్పి ఉంది, ఎక్కడ ఉంది, ఎన్ని రోజులు ఉంది, వద్దు ఉంది, సాలు ఉంది. నాయన ఒకసారి చూసి “ఒక్క ఆత్మీయ మాటన్నా లేదే” అన్నాడు. అమ్మ “ముందు ఉప్పు అడగనీ” అంది.

ఊరికి తిరిగొచ్చి నెల రోజులు కూడా లేవు. ఆ నెలలో అమ్మ ఎన్ని పనులు నేర్చుకుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తెలిసిన నర్సమ్మ దగ్గర థర్మామీటరు చూడడం, ఉప్పూ చక్కెరా కొలిచి నీళ్ళలో కలపడం, మలేరియా జ్వరం ఎట్లా వచ్చి ఎట్లా పోతుందో గుర్తుపట్టడం. పొద్దుగూకినాక బడి మైదానంలో సైకిలు. ముప్పై ఆరేళ్ళ మనిషి చీర కుచ్చెళ్ళు దోపుకుని సైకిలు నేర్చుకుంటా ఉంటే చూడ్డానికి పిల్లలు గోడెక్కేవాళ్ళు. నేను సిగ్గుతో ఆ దారిన పోవడం మానేసినాను.

అవ్వకు ఇష్టం లేదు. “ఆ తెల్లాయన్ను పిల్లోళ్ళతో సహా కాల్చిన సీమ కదే అది” అనేది. గ్రాహం స్టెయిన్స్ సంగతి. 1999 జనవరిలో కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో, జీపులో పడుకున్న ఆయన్నూ ఇద్దరు కొడుకులనూ కాల్చేసినారు. పెద్దోడికి పదేళ్ళు, చిన్నోడికి ఆరు. మా తమ్ముడికి అప్పుడు ఏడు. అవ్వ ఆ మాట అన్న రాత్రల్లా అమ్మ తమ్ముడి పక్కన పడుకునేది.

అప్పుడే ప్రార్థన కార్డు కూడా అచ్చు వేయించినారు. మిషనరీ కుటుంబం ఫోటో, పేర్లు, కింద ‘మా కోసం ప్రార్థించండి’. చర్చిల్లో పంచితే వాళ్ళు బైబిల్లో పెట్టుకుంటారు. హిందూపురం స్టూడియోలో తీసినారు. వెనకాల మంచుకొండలు, సరస్సు, హంసలు. ఆ ఎండాకాలం మా ముగ్గురి మొహాలూ చెమటకు మెరుస్తా ఉంటే, నాయన మాత్రం ఆ మంచుకొండలవాడిలాగే నిటారుగా నిలబడినాడు. కార్డు మీద నలుగురం ఉన్నాం. పోయేది ముగ్గురని అప్పటికి తేలలేదు.

చర్చి స్త్రీల సమాజం వాళ్ళు పిడికెడు బియ్యం మాకు ఇస్తామన్నారు. పూటపూటా ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు, నెలాఖరుకు చర్చికి తెచ్చి అమ్మి సేవకు పంపుతారు. మిజోరాంలో దీన్ని బుహ్‌ఫాయ్ థామ్ అంటారనీ, వందేళ్ళకు పైగా అక్కడి చర్చిలు దాని మీద ఎన్నో పనులు నడిపినాయనీ తర్వాత చదివినాను. ఎంతిస్తారని అడిగే స్నేహితులకు నేను చెప్పేది ఈ డబ్బా సంగతే. కూలికి పోయే ఆడవాళ్ళు, తమకే చాలని బియ్యంలోంచి తీసింది.

ఇక సామాను. స్లీపరు టికెట్టుకు 40 కిలోలు ఉచితం. ఇద్దరికి 80, తమ్ముడి అరటికెట్టుకు 20. మొత్తం 100. అమ్మ ఎవరు చెప్పినా వినలేదు, దానిమీద ఒక్క కిలో వద్దంది. షెడ్డు యజమానినడిగి గూళ్ళు తూచే కాటా తెచ్చి నడింట్లో పెట్టింది. పెండ్లిలో ఇచ్చిన ఇత్తడి బిందె కాటా ఎక్కి దిగింది. కుట్టుమిషను స్టాండు చిన్నమ్మకు, మిషను తల మాత్రం మూటలోకి. బీరువా ఎదురింటాయన కొన్నాడు. రెండు గొర్రెలు అమ్మితే టికెట్లకు, దుప్పట్లకు సరిపోయింది. రోలు ఎవరూ కదిలించలేక ఇప్పటికీ అక్కడే ఉంది.

నాయన పుస్తకాల పెట్టె కాటా మీద పెడితే 18 కిలోలు.

“నీ మాటలే 18 కిలోలుండాయి. తగ్గించు.”

“అది వాక్యం మే.”

“వాక్యం ఒకటి చాలు. మిగతావి దాని గురించి రాసినవి.”

ఆరు కిలోలకు దింపింది. ఆ ఖాళీలో పది కిలోల రాగిపిండి పెట్టింది. అక్కడ అంతా బియ్యమే, సంగటి దొరకదని ఆమె భయం. తీరా చూస్తే ఆ కొండల్లో రాగులే ప్రధానం. మాండియా అంటారు, అంబలి కాచుకుని తాగుతారు. గోరంట్ల నుంచి మోసుకుపోయిన రాగిపిండిని చూసి అక్కడి ఆడవాళ్ళు పడీపడీ నవ్వినారంట. అమ్మకు అక్కడ మొదటి స్నేహాలు ఆ పిండితోనే అయినాయి.

అన్నీ తూచినాక నేను మిగిలినాను.

మిషనరీ పిల్లలకు తమిళనాడులో హాస్టలుందన్నారు. లేదంటే అవ్వ. లేదంటే వాళ్ళతో. వాళ్ళతో పోతే తొమ్మిదిలో ఒడియా మీడియం. అమ్మ నన్ను మేడమీదికి పిలిచి అడిగింది, నాయన లేకుండా. నేను ఎక్కడికీ రాను, ఇక్కడే ఉంటానన్నాను. నేను రానంటే వాళ్ళు ఆగిపోతారనుకున్నాను. పద్నాలుగేళ్ళ పిల్ల బేరం అది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “సరే పాపా” అంది. అంతే. ఆగలేదు.

జూన్‌లో, హిందూపురం స్టేషను, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్. విజయనగరంలో దిగి రాయగడ బండి మారాలి. చర్చివాళ్ళు ఇరవైమంది వచ్చి ప్లాట్‌ఫారం మీద పాడినారు. అయ్యగారు ప్రార్థన చేస్తా ఉంటే బండి కూత పెట్టింది, ఆయన ఆమెన్ దాకా రాకముందే అందరూ మూటలు ఎక్కించడంలో పడినారు. అమ్మ కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, అవ్వకు కళ్ళు సరిగా కనపడవు, బియ్యంలో రాళ్ళు నువ్వే ఏరాలంది. ఇంకేదో చెప్తుందనుకున్నా. బండి కదిలింది.

తర్వాతి కథ పన్నెండేళ్ళు. దాన్ని ఇక్కడ చెప్పలేను. ఒక్క ఐదు రోజులు మాత్రం చెప్తాను. 2008 ఆగస్టు 23న కంధమాల్‌లో స్వామి లక్ష్మణానందను చంపినారు. దాని తర్వాత అక్కడి క్రైస్తవుల ఇళ్ళు, చర్చిలు తగలబడినాయి, వేలమంది అడవుల్లోకి పరిగెత్తినారు. కంధమాల్‌కు రాయగడ పక్క జిల్లా. ఐదు రోజులు అమ్మావాళ్ళ ఫోను లేదు. నేను పదో తరగతి. టీవీలో కాలిన గోడలు. ఆ ఐదు రోజులు అవ్వ డబ్బాలో పిడికెడు కాదు, దోసెడు వేసింది. ఆరో రోజు ఫోనొచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళే వాళ్ళ ముగ్గుర్నీ తమ ఇళ్ళలో దాచినారంట, మూడు రాత్రులు మూడు ఇళ్ళలో. అందులో చర్చికొచ్చేవాళ్ళు ఒక్కరే.

2019లో నాయనకు షుగరు ముదిరి వెనక్కి వచ్చేసినారు. గోరంట్ల ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవుతున్నాయి, పాలసముద్రంలో కస్టమ్స్ వాళ్ళ పెద్ద అకాడమీ కట్టినారు. నాయన ఇంట్లోనే కూర్చుని చిన్న మోటార్లు చుడతాడు. సాక్ష్యం చెప్పమంటే ఇప్పటికీ ‘నాకు పిలుపొచ్చింది’ అనే మొదలుపెడతాడు.

పోయిన సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు అమ్మ చేట ముందేసుకుని బియ్యం ఏరుతుంటే అడిగినాను, ఆ రోజు ఇంటర్వ్యూలో ఏం చెప్పినావమ్మా అని.

“మీకు కూడా పిలుపు ఉందా అనడిగినారు. నాకేం పిలుపు రాలేదు సార్, ఆయప్పకొచ్చింది అన్నా. మరి ఎట్ల పోతావమ్మా అన్నారు.”

“నువ్వేమన్నావు?”

“ఆయప్పకు పిలుపు వినపడతాది సార్, పని కనపడదు. నాకు పని కనపడతాది అన్నా. రాసుకున్నారు.” కాసేపాగి, “పాపను ఏం చేస్తారని కూడా అడిగినారు. దానికి నేనేం చెప్పలేదు” అంది.

నేనూ ఏమీ అనలేదు. చేటలోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టినాను.

అప్పుడే ఆమె ఫోను మోగింది. రాయగడ నుంచి, వాళ్ళను దాచిన ఇళ్ళలో ఒకామె. అమ్మ మాట్లాడుతోంది, నవ్వుతోంది. అది నోటుబుక్కులో ఉన్న ఒడియా కాదు. ఫోను పెట్టేసినాక చెప్పింది. ఐదు నెలలు కష్టపడి నేర్చుకుపోయిన ఒడియా అక్కడ సంతలోనే పనికొచ్చిందంట. ఇళ్ళలో మాట్లాడేది కువి. తెలుగుకు దాయాది భాష, ఒకే శాఖ. నోటుబుక్కులో ఆఖరి పేజీ తీసి చూడమంది. అక్కడికి పోయినాక రాసింది, వేరే సిరాతో. వరసగా కువి మాటలు, వాటి అర్థాలు. ఒక్కదాని పక్కన మాత్రం అర్థం రాయలేదు. ‘ఇలు’ అని రాసి వదిలేసింది.